లాసిక్ చేయించుకున్న కళ్లకి నరం స్కాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో కంటి ఆసుపత్రుల్లో స్కాన్ మెషిన్ దగ్గర కూర్చునేవాళ్లకి ఈ మధ్య ఒక తరహా పేషెంట్లు ఎక్కువగా కనిపిస్తున్నారు. పదిహేనేళ్ల కిందటో ఇరవై ఏళ్ల కిందటో లేజర్ (లాసిక్) చేయించుకుని కళ్లజోడు పక్కన పడేసినవాళ్లు. ఇప్పుడు నలభై దాటింది. పేపరు చదవడానికి ఇబ్బందిగా ఉందని వస్తే, డాక్టరుగారు లోపల నరం చూసి "కప్పు కాస్త పెద్దగా ఉంది, ఒకసారి ఓసీటీ తీయించండి" అంటారు. ఓసీటీ అంటే కాంతితో కంటి లోపలి పొరల మందం కొలిచే స్కాన్. రిపోర్టులో ఎక్కడో ఎర్రరంగు కనపడుతుంది. ఇంక టెన్షన్ మొదలు: అప్పుడు చేయించుకున్న లేజరు వల్లే నరం దెబ్బతిన్నదా?

నేను ఆప్టోమెట్రిస్టుని. స్కాన్ తీసేది నేను, దాన్ని చూసి నిర్ణయం చెప్పేది డాక్టరు. మెషిన్ దగ్గర పదే పదే వినే ప్రశ్నలకి జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఇవి చదివి మీ రిపోర్టు అర్థం చేసుకోండి గానీ, మందు మొదలుపెట్టడం, మానేయడం మాత్రం చేయకండి.

లాసిక్ వల్ల కంటి నరం పలచబడుతుందా?

మామూలుగా అయితే పలచబడదు. లేజరు పని అంతా కార్నియా మీదే. అంటే నల్లగుడ్డు ముందు అద్దంలా మెరిసే పొర మీద. లాసిక్‌లో వాడే ఎక్సైమర్ లేజరు తరంగదైర్ఘ్యం 193 నానోమీటర్లు. ఆ కిరణం పడినచోట పైపైన కణజాలాన్ని ఆవిరి చేస్తుందే తప్ప లోపలికి దూసుకుపోదు. కంటి నరం ఉండేది గుడ్డు వెనక గోడ దగ్గర, అక్కడినుంచి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో. ఆపరేషన్‌కి ముందు, తర్వాత ఓసీటీతో కొలిచి చూసిన అధ్యయనాల్లో కూడా నరపు పొర సగటు మందంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఆపరేషన్ చేసేటప్పుడు కాసేపు పెరిగే కంటి ప్రెషర్ సంగతి వేరే ఉంది, కింద చెప్తాను.

నరం స్కాన్‌లో అసలు ఏం కొలుస్తారు?

రెటీనా, అంటే కంటి వెనక తెర అంతటి నుంచీ సన్నటి నరపు పోగులు బయల్దేరి ఒకచోట కలిసి కట్టగా మెదడుకి వెళ్తాయి. దాదాపు పది పన్నెండు లక్షల పోగులు. అవి కలిసే గుండ్రటి చోటుని డిస్క్ అంటాం. దాని మధ్యలో ఉండే గుంటే డాక్టర్లు చెప్పే కప్పు. నీటికాసులు, అంటే గ్లాకోమా వస్తే ఈ పోగులు మెల్లగా చచ్చిపోతాయి, గుంట పెద్దదవుతుంది. అది నొప్పి లేకుండా జరుగుతుంది కాబట్టి చూపు పోయేదాకా మనిషికి తెలియదు. 1996 నుంచి 2000 వరకూ హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జరిగిన ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీలో కూడా, గ్లాకోమా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి తమకి ఆ జబ్బు ఉందన్న సంగతే తెలియదని తేలింది.

ఓసీటీ చేసే పని, డిస్క్ చుట్టూ సుమారు 3.4 మిల్లీమీటర్ల వ్యాసం గల వలయం గీసి, ఆ వలయం పొడుగునా నరపు పోగుల పొర ఎంత మందంగా ఉందో కొలవడం. ఆరోగ్యంగా ఉన్న కంట్లో సగటు 90 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

రిపోర్టు కాగితం చేతిలో ఉంటే చూడండి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీల మీద నల్లటి గీత ఒకటి ఎక్కి దిగుతూ ఉంటుంది. రెండు గూనుల్లా కనిపిస్తాయి. ఒకటి నరం పైభాగం, రెండోది కింది భాగం. పోగులు అక్కడే దట్టంగా ఉంటాయి. మీ వయసులో ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో పోల్చి మెషిన్ రంగు వేస్తుంది. నూటికి ఐదుగురిలో మాత్రమే కనపడేంత పలచగా ఉంటే పసుపు, నూటికి ఒక్కరిలో మాత్రమే కనపడేంత పలచగా ఉంటే ఎరుపు. అంటే ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా కొందరికి ఎరుపు పడుతుందన్నమాట. ఈ ముక్క రిపోర్టు మీద ఎవరూ రాయరు.

నరాన్ని ముట్టుకోనప్పుడు దాని కొలత ఎందుకు మారాలి?

నరాన్ని చూడాలంటే ఏ మెషిన్ అయినా కార్నియాలోంచే చూడాలి. వెలుగు అందులోంచి లోపలికి వెళ్లి, మళ్లీ అందులోంచే బయటికి వస్తుంది. లేజరుతో కార్నియా పలచబడుతుంది, దాని వంపు మారుతుంది. మైనస్ పవర్ ఉన్నవాళ్లకి ఒక్కో డయాప్టరుకి, అంటే పవర్‌లో ఒక్కో అంకెకి, సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు తీసేస్తారు. సైట్ మైనస్ ఐదు ఉంటే 60 నుంచి 75 మైక్రాన్లు పోతాయి. మెషిన్ లెక్కల్లో "కార్నియా ఇలా ఉంటుంది" అనే ఊహ ఎంత ఎక్కువ ఉంటే, లేజరు తర్వాత ఆ లెక్క అంత తప్పుతుంది. అందుకే ఒక్కో మెషిన్‌కి ఒక్కో జవాబు.

నేను 2000 ప్రాంతంలో లాసిక్ చేయించుకున్నాను. ఆ తర్వాత జీడీఎక్స్ అనే స్కాన్‌లో నరం పలచబడిందని రాశారు. అది నిజమేనా?

ఈ ప్రశ్న ఇప్పుడు అరుదుగానే వస్తుంది, కానీ మొత్తం వ్యవహారంలో నాకు ఆసక్తిగా అనిపించే కథ ఇదే.

జీడీఎక్స్ మెషిన్ పొర మందాన్ని నేరుగా కొలవదు. ధ్రువీకరించిన కాంతిని, అంటే ఒకే దిశలో కంపించే కాంతిని లోపలికి పంపుతుంది. నరపు పోగుల్లో సమాంతరంగా పరుచుకున్న సూక్ష్మ నాళికలు ఉంటాయి. వాటిలోంచి వెళ్లేటప్పుడు ఆ కాంతిలో ఒక భాగం కాస్త వెనకబడుతుంది. ఎంత వెనకబడితే పొర అంత మందం అని లెక్క. చిక్కల్లా ఏమిటంటే, కార్నియాలోని పోగులు కూడా కాంతిని అలాగే వెనక్కి లాగుతాయి. కాబట్టి కార్నియా వాటా తీసేసి మిగిలింది నరానిది అనుకోవాలి.

తొలి జీడీఎక్స్ మెషిన్లు ఈ వాటాని అందరికీ ఒకేలా తీసేసేవి. కార్నియా కాంతిని 60 నానోమీటర్లు వెనక్కి లాగుతుందని, దాని అక్షం ముక్కువైపుకి 15 డిగ్రీలు కిందికి వాలి ఉంటుందని ఊహ. ఇంతే, ఎవరి కన్నయినా సరే. మన గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ తూకం వేసి గోనెసంచి బరువు కింద అందరికీ ఒకటే తరుగు తీసేసినట్టు. సంచి మారినా తరుగు మారకపోతే, కాయ తగ్గినట్టో పెరిగినట్టో లెక్క వస్తుంది. లాసిక్‌లో జరిగింది అదే. కార్నియా మారింది, మెషిన్ తీసేసే వాటా పాతదే. ఫలితంగా కొందరిలో నరపు పొర పలచబడ్డట్టు అంకెలు వచ్చాయి. ఆ రోజుల్లో దీనిమీద పెద్ద చర్చే నడిచింది. లాసిక్ నరాన్ని దెబ్బతీస్తోందేమో అన్న అనుమానం కూడా వచ్చింది.

తర్వాత 2000ల మొదట్లో, ఎవరి కార్నియా వాటాని వాళ్ల కంట్లోనే కొలిచి తీసేసే పద్ధతి వచ్చింది. అలా కొలిస్తే లాసిక్‌కి ముందు అంకె, తర్వాత అంకె దాదాపు ఒకటే. అదే కాలంలో ఓసీటీ కొలతల్లోనూ తేడా కనిపించలేదు. నరం పలచబడలేదు, లెక్క తప్పింది.

మీ దగ్గర ఆ పాత జీడీఎక్స్ కాగితం ఉంటే పారేయకండి. కానీ అందులోని అంకెని ఇవాళ్టి ఓసీటీ అంకెతో పోల్చి చూసుకుని నిద్ర పాడుచేసుకోకండి. ఇప్పుడు ఆ మెషిన్లు మన దగ్గర దాదాపు కనుమరుగయ్యాయి.

హెచ్చార్టీ స్కాన్‌తో కూడా ఇదే గొడవా?

లేదు. అది డిస్క్ ఎత్తుపల్లాల పటం గీస్తుంది, ధ్రువీకరించిన కాంతితో దానికి పని లేదు. కార్నియా వంపు సరిగ్గా నమోదు చేస్తే లాసిక్ వల్ల వచ్చే తేడా స్వల్పం.

అయితే ఓసీటీ అంకెని కళ్లు మూసుకుని నమ్మొచ్చా?

అంత గుడ్డిగా అక్కర్లేదు. 1991లో అమెరికాలో మొదటిసారి ప్రకటించిన ఈ పద్ధతి, పొరల మీద పడి తిరిగొచ్చే కాంతి ఎంత లోతు నుంచి వచ్చిందో చూసి హద్దులు గీస్తుంది. కార్నియా మందం అందులో నేరుగా లెక్కకి రాదు. అందుకే లాసిక్ కళ్లలో ఇది నిలకడగా ఉంటుంది. అయినా మూడు చోట్ల తేడా కొడుతుంది.

మొదటిది పొడికన్ను. లేజరు చేసేటప్పుడు కార్నియాలోని సన్నటి నరాలు తెగుతాయి, కొన్ని నెలలు కన్నీళ్లు తగ్గుతాయి. మన ఎండలు, ఆఫీసులో ఏసీ, బైకు మీద బెంజ్ సర్కిల్ దాటేసరికి కొట్టే గాలి, దుమ్ము దీనికి తోడు. కంటిపై తడి సరిగ్గా లేకపోతే కాంతి చెదిరిపోతుంది, సిగ్నల్ పడిపోతుంది. సిగ్నల్ పడిపోతే నరపు పొర ఉన్నదానికంటే పలచగా కొలతకొస్తుంది. పదికి ఎంత అని సిగ్నల్ చూపించే మెషిన్లలో ఆరు కంటే తక్కువ వస్తే ఆ స్కాన్ మీద ఆధారపడకూడదు. ఏడు, ఎనిమిది వస్తే ఇంకా మంచిది. నిన్న ఎనిమిది, ఇవాళ ఆరు అయితే రెండూ పైకి పాస్ అయినట్టే కనపడతాయి గానీ వాటిని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. నేనైతే కళ్లు పొడిగా ఉన్నవాళ్లకి కన్నీటి చుక్కలు వేసి, కాసేపు కూర్చోబెట్టి, నాలుగైదుసార్లు రెప్పలు ఆర్పించి అప్పుడు తీస్తాను. అంకె మారిపోవడం కళ్లారా చూస్తుంటాం.

రెండోది కంటి పొడుగు. మెషిన్ గీసే వలయం 3.4 మిల్లీమీటర్లు అన్నది మామూలు పొడుగున్న కంటికి లెక్క. మైనస్ పవర్ ఎక్కువ ఉన్న కన్ను పొడుగ్గా ఉంటుంది. అందులో అదే వలయం పెద్దదై, డిస్క్‌కి ఇంకా దూరంగా పడుతుంది. డిస్క్ నుంచి దూరం పోయేకొద్దీ పోగుల పొర పలచనే కాబట్టి అంకె తగ్గుతుంది. కొన్ని మెషిన్లు కార్నియా వంపుని నమోదు చేయమంటాయి. దాన్ని ఖాళీగా వదిలేస్తే, సైట్ సున్నా ఉంది కదా అని మీది మామూలు పొడుగు కన్నే అనుకుని లెక్క వేస్తాయి. అందుకే మేం "కళ్లకి ఏమైనా ఆపరేషన్ అయిందా?" అని అడిగినప్పుడు చాలామంది "ఏం లేదండి" అంటుంటే మాకు నీరసం వస్తుంది. లేజరు కూడా ఆపరేషనే.

మూడోది, మెషిన్ గీసిన హద్దు గీతలు. కంప్యూటర్ ఒక్కోసారి పొర అంచుని తప్పుచోట గీస్తుంది. ఇది లాసిక్‌తో సంబంధం లేకుండా ఎవరికైనా జరిగేదే. చూసుకోవాల్సింది మేము.

నాకు సైట్ మైనస్ ఏడు ఉండేది, లేజరుతో సున్నా అయింది. ఇప్పుడు ఓసీటీలో ఎరుపు వచ్చింది. ఎలా అర్థం చేసుకోవాలి?

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: లేజరుతో పోయింది కళ్లజోడు మాత్రమే, మయోపియా (మైనస్ పవర్ తెచ్చే పొడుగు కన్ను) కాదు. కన్ను అప్పుడెంత పొడుగుందో ఇప్పుడూ అంతే పొడుగుంది. లోపల రెటీనా అలాగే సాగి ఉంది, డిస్క్ అలాగే వాలి ఉంది.

ఇలాంటి కళ్లలో పోగుల దారే కాస్త వేరు. రిపోర్టులో చెప్పానే రెండు గూనులని, అవి రెండూ కణత వైపుకి జరిగి ఉంటాయి. మెషిన్ మాత్రం మామూలు కళ్లలో గూని ఉండేచోట వెతుకుతుంది. అక్కడ పొర పలచగా కనపడగానే ఎరుపు వేస్తుంది. పక్కనే గూని ఎత్తుగా ఉన్నా దానికి పట్టదు. జబ్బు లేకుండా వచ్చే ఈ ఎరుపు డాక్టర్లకి బాగా అలవాటైన సంగతే. లాసిక్ కాకముందు మైనస్ ఏడు కళ్లజోడుతో వచ్చి ఉంటే ఎవరైనా చూడగానే "మయోపియా కన్ను, ఇలాగే ఉంటుంది" అనుకునేవాళ్లు. ఇప్పుడు మీరు కళ్లజోడు లేకుండా, సైట్ సున్నాతో వచ్చి కూర్చుంటే ఆ ఆధారం పోతుంది. అదీ అసలు చిక్కు.

అలాగని ఎరుపుని కొట్టిపారేయడానికీ లేదు. మయోపియా ఉన్నవాళ్లకి గ్లాకోమా వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. లేజరు ఆ ముప్పుని తగ్గించదు. రెండూ ఒకే కంట్లో ఉన్నప్పుడు ఒక్క స్కాన్‌తో విడదీసి చెప్పడం అనుభవం ఉన్న డాక్టరుకి కూడా కష్టమే. అప్పుడు మాక్యులా (రెటీనా నడిమి భాగం) దగ్గర గాంగ్లియన్ కణాల (నరపు పోగులు బయల్దేరే కణాల) పొర స్కాన్, పక్కచూపు ఎంతుందో చూసే ఫీల్డ్ టెస్ట్, డిస్క్ ఫోటో, ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ అదే మెషిన్ మీద స్కాన్. మయోపియా వల్ల వచ్చిన ఎరుపు ఏళ్లు గడిచినా దాదాపు అక్కడే ఉంటుంది. గ్లాకోమా ఎరుపు పెరుగుతుంది.

లేజరు తర్వాత కంటి ప్రెషర్ ఎప్పుడు చూసినా 11, 12 అంటున్నారు. అంటే నాకు గ్లాకోమా రాదు కదా?

నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. నరం స్కాన్ కంటే లాసిక్ ఎక్కువ తప్పుదారి పట్టించేది ప్రెషర్ కొలతనే.

ప్రెషర్ చూసేటప్పుడు నీలం లైటు వేసి కంటికి చిన్న మొనని తాకిస్తారే, అది గోల్డ్‌మన్ టోనోమీటర్. కార్నియాని కొద్దిమేర చదును చేయడానికి ఎంత బలం పట్టిందో చూసి లోపలి ఒత్తిడి చెప్తుంది. కార్నియా సుమారు 520 మైక్రాన్ల మందం ఉంటుందన్న ఊహ మీద ఆ లెక్క కట్టారు. లేజరు తర్వాత మీది 450కి దిగి ఉండొచ్చు. పలచటి కార్నియా తేలిగ్గా వంగుతుంది, పైగా లాసిక్‌లో ఫ్లాప్ (కార్నియా మీద మూతలా తెరిచే పలచటి పొర) కోయడం వల్ల దాని బిగువు కూడా తగ్గుతుంది. అందువల్ల లోపల ప్రెషర్ మారకపోయినా అంకె తగ్గి కనిపిస్తుంది. గాలి ఊది చూసే మెషిన్‌లోనూ ఇదే తంతు.

ఉదాహరణకి ఆపరేషన్‌కి ముందు 17 ఉన్న మనిషికి తర్వాత 13 రావచ్చు. కన్ను అదే, ఒత్తిడి అదే. ఐదేళ్లకి నిజంగా ఒత్తిడి పెరిగి కొలతలో 18 వచ్చిందనుకోండి, "21 లోపే ఉంది, నార్మల్" అని పంపించేస్తారు. ఆ మనిషికి 18 అంటే పాత లెక్కలో 22. అందుకే లాసిక్ అయినవాళ్లకి 21 అనే గీత పనికిరాదు. ఆపరేషన్ తర్వాత కుదుటపడ్డాక వచ్చిన అంకె ఎంత, ఇప్పుడెంత అన్నదే చూడాలి.

ఇంత మందం తగ్గితే ఇంత కలుపుకోండి అనే సూత్రాలు నెట్‌లో దొరుకుతాయి. వాటితో లెక్కలు వేసుకోకండి. మనిషి మనిషికీ తేడా ఎక్కువ. కార్నియా ప్రభావం తక్కువగా పడే టోనోమీటర్లు కొన్ని ఉన్నాయి, పెద్ద ఆసుపత్రుల్లో దొరుకుతాయి. అవి లేనిచోట నరం స్కాన్, ఫీల్డ్ టెస్టుల మీదే ఎక్కువ ఆధారపడాలి.

ఆపరేషన్ చేసేటప్పుడు కంటి మీద ఏదో పెట్టి నొక్కారు, కాసేపు చీకటైపోయింది. దాంతో నరానికి ఏమీ కాదా?

అది సక్షన్ రింగ్. ఫ్లాప్ కోసేటప్పుడు కన్ను కదలకుండా పట్టి ఉంచుతుంది. బ్లేడుతో కోసే పాత పద్ధతిలో ఆ కొద్ది సెకన్లు ప్రెషర్ 65 దాటుతుంది. మామూలుగా ఉండేది 10 నుంచి 21. అంత ఒత్తిడికి రెటీనాకి రక్తం అందడం తగ్గి చూపు మసకబారుతుంది లేదా చీకటవుతుంది. రింగ్ తీయగానే మామూలవుతుంది. లేజరుతోనే ఫ్లాప్ కోసే ఫెమ్టో, ఫ్లాప్ లేకుండా చిన్న కోతతో చేసే స్మైల్ పద్ధతుల్లో సాధారణంగా ఇంత ఒత్తిడి ఉండదు.

ఆరోగ్యంగా ఉన్న నరం దీన్ని తట్టుకుంటుంది. లాసిక్ తర్వాత నరం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి గానీ అవి చాలా అరుదు. ముందే గ్లాకోమాతో బాగా నలిగిపోయిన నరానికి మాత్రం ఆ కొద్ది సెకన్లు కూడా ఎందుకు పెట్టాలి అన్నది డాక్టర్ల వాదన, నాకూ సబబనిపిస్తుంది.

లేజరు తర్వాత ఇచ్చిన చుక్కల మందు బాగా పనిచేసింది. కళ్లు ఎర్రబడినప్పుడల్లా అదే కొనుక్కుని వేసుకోవచ్చా?

వద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. లాసిక్ తర్వాత కొద్దిరోజులకి, పీఆర్‌కే (ఫ్లాప్ కోయకుండా కార్నియా పైపొర తీసి చేసే లేజరు) తర్వాత కొన్ని వారాల నుంచి నెలలకి డాక్టరు లెక్క ప్రకారం రాస్తారు. కొందరి కళ్లకి స్టెరాయిడ్ పడితే ప్రెషర్ పెరుగుతుంది, అది ముందుగా తెలియదు. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి, ఒక్కోసారి ఖాళీ సీసా చూపించి కూడా కొనుక్కొచ్చేవాళ్లున్నారు. ఏళ్ల తరబడి అలా వేసుకున్న కళ్లలో నరం నిజంగానే పలచబడుతుంది. అప్పుడు తప్పు లేజరు మీదకి పోతుంది.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. స్టెరాయిడ్ వల్ల ప్రెషర్ బాగా పెరిగితే ఫ్లాప్ కింద నీరు చేరుతుంది. టోనోమీటరు మొన ఆ నీటి మీద ఆనుతుంది కాబట్టి, లోపల ప్రెషర్ ఎక్కువగా ఉన్నా కొలతలో తక్కువే వస్తుంది. చూపు మసకగా ఉంది, ప్రెషర్ నార్మల్ అనుకుని వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇంకా పెంచితే అగ్నికి ఆజ్యమే. లేజరు తర్వాతి వారాల్లో చూపు బాగుపడి మళ్లీ మసకబారితే ఆగకుండా చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి.

లేజరుకి ముందు నరం ఓసీటీ తీయించుకోవాలా? ప్యాకేజీలో లేదన్నారు.

ప్యాకేజీలో సాధారణంగా కార్నియా పటం, మందం, కన్నీటి పరీక్ష, పాప పెద్దది చేసి రెటీనా చూడటం ఉంటాయి. నరం ఓసీటీ చాలాచోట్ల విడిగానే. తప్పనిసరి అని రూలేమీ లేదు. నా అభిప్రాయం అడిగితే, సైట్ మైనస్ ఐదు ఆరు దాటినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నవాళ్లు, కప్పు పెద్దగా ఉందని ఎప్పుడైనా చెప్పించుకున్నవాళ్లు విడిగా డబ్బు కట్టయినా తీయించుకోవాలి. ఇరవై ఏళ్ల తర్వాత "ఇది పాతదా, కొత్తదా?" అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ ఒక్క కాగితమే సాక్ష్యం. దాంతోపాటు ఆపరేషన్‌కి ముందటి సైట్, కార్నియా మందం, కార్నియా వంపు, ప్రెషర్, కంటి పొడుగు కొలిచి ఉంటే అది కూడా. అన్నిటినీ ఫోన్‌లో ఫోటో తీసి, మీకు మీరే మెయిల్ చేసుకోండి. పెళ్లి ముహూర్తం దగ్గరపడిందనో, అమెరికా టికెట్ బుక్ అయిందనో హడావుడిగా చేయించుకునేవాళ్లే ఈ కాగితాలు ఎక్కువగా పోగొట్టుకుంటారు.

లేజరు అయ్యాక మూడు నుంచి ఆరు నెలలకి, చుక్కలు ఆపేసి పవర్ నిలబడ్డాక ఇంకో స్కాన్ తీయించుకుంటే అది కొత్త ఆధారం అవుతుంది. ఆ తర్వాతి స్కాన్లన్నీ దానితోనే పోల్చాలి.

మా నాన్నగారికి నీటికాసులు ఉన్నాయి. నేను లాసిక్ చేయించుకోవచ్చా?

చేయించుకోకూడదని కాదు. ముందు మీకు ఉందో లేదో తేల్చుకోవాలి. తల్లిదండ్రులకో తోబుట్టువులకో గ్లాకోమా ఉంటే మీకు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. అనుమానం ఉంటే గ్లాకోమా చూసే డాక్టరు, లేజరు చేసే డాక్టరు ఇద్దరూ మాట్లాడుకోవాలి. ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో ఉంటే సుళువు. తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటిచోట రెండు విభాగాలూ ఉంటాయి. గ్లాకోమా ఉందని తేలి, నరం ఇప్పటికే దెబ్బతిని ఉంటే నా సలహా కళ్లజోడే.

సక్షన్ లేని పీఆర్‌కే అయితే కొలతల సమస్య ఉండదా?

కార్నియా పలచబడటం అందులోనూ ఉంది కాబట్టి ప్రెషర్ తక్కువ చూపించడం తప్పదు. స్మైల్‌లో కూడా అంతే. పీఆర్‌కేలో స్టెరాయిడ్ ఎక్కువ రోజులు పడుతుంది, అది ఇంకో లెక్క.

లాసిక్ కుదరదు, ఐసీఎల్ పెడతామన్నారు. దానికి?

కార్నియాని అరగదీయరు కనుక ప్రెషర్ కొలత పెద్దగా మారదు. కానీ కంటి లోపల లెన్స్ పెడతారు కాబట్టి నీరు పారే దారి, అంటే యాంగిల్, ఇరుకవుతోందా అని చూస్తూ ఉండాలి. ఆ చెకప్‌లు మానకూడదు.

గుంటూరులో ఒక సెంటర్లో 92, విజయవాడలో ఇంకో సెంటర్లో 86 వచ్చింది. నెలలో ఆరు మైక్రాన్లు పోయాయా?

పోలేదు. ఒక్కో కంపెనీ మెషిన్ ఒక్కోచోట హద్దు గీస్తుంది, వలయం కూడా ఒక్కటే కాదు. రెండు అంకెల్నీ తీసివేయకూడదు. ఒకే మెషిన్ మీద, ఒకే రోజు రెండుసార్లు తీసినా సగటులో నాలుగైదు మైక్రాన్ల వరకూ తేడా రావచ్చు. వీలైనంత వరకూ ఒకేచోట తీయించుకోండి. మెషిన్ మార్చారని తెలిస్తే ఆ రోజు స్కాన్‌ని మొదటి స్కాన్ కింద లెక్కపెట్టమని అడగండి.

ఫీల్డ్ టెస్ట్ మీద లాసిక్ ప్రభావం ఉంటుందా?

ఉండేదల్లా చిన్నదే, అది కూడా మొదటి కొన్ని వారాలు. ఎక్కువగా జరిగేది వేరే పొరపాటు: పాత రికార్డు చూసి మైనస్ ఐదు లెన్స్ పెట్టి టెస్ట్ చేయడం. లేజరు తర్వాత ఆ లెన్స్ అక్కర్లేదు, నలభై దాటితే దగ్గరి పవర్ మాత్రం కావాలి. లోపలి లైటు చుక్కలన్నీ మసకగా కనపడుతుంటే వెంటనే చెప్పండి. చివరిదాకా ఓర్చుకుని కూర్చోవద్దు.

పాత కాగితాలేవీ లేవు. ఇప్పుడేం చేయాలి?

చేసిన ఆసుపత్రిలో అడిగి చూడండి. పాత కళ్లజోడు బీరువాలో ఎక్కడైనా ఉంటే పట్టుకురండి, దాని పవర్ మేం చూసి చెప్పగలం. అదీ లేకపోతే కంటి పొడుగు కొలిస్తే చాలా సంగతులు తెలుస్తాయి. శుక్లాల ఆపరేషన్‌కి వాడే మెషిన్‌తోనే నిమిషంలో కొలవచ్చు. కార్నియా పటం తీస్తే మధ్యలో చదునైన ప్రాంతం కనపడుతుంది, లేజరు అయిందని అదే చెప్తుంది.

ఆ శుక్లాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రేపు అరవైల్లో శుక్లం ఆపరేషన్ చేయించుకునేటప్పుడు లాసిక్ అయిందని చెప్పకపోతే లెన్స్ పవర్ లెక్క తప్పి, మళ్లీ కళ్లజోడు తగులుకుంటుంది.

స్కాన్ రోజున ఎలా రావాలి?

కాంటాక్ట్ లెన్సులు, కాటుక లేకుండా రండి. కన్నీటి చుక్కలు వాడుతుంటే సీసా తెచ్చుకోండి. గడ్డం స్టాండు మీద పెట్టి, నుదురు పట్టీకి ఆనించి, లోపల కనిపించే గుర్తునే చూడాలి. ఒక్కో కంటికి కొద్ది సెకన్లే. మేం "రెప్ప ఆర్పండి, ఇప్పుడు ఆపండి" అన్నాక మాత్రం ఆర్పకండి. పాప పెద్దది చేసే చుక్కలు అన్నిసార్లూ అవసరం ఉండదు. వేస్తే మూడు నాలుగు గంటలు మసకగా ఉంటుంది కాబట్టి మంగళగిరి, తెనాలి నుంచి బండి మీద ఒక్కరే రాకండి. రిపోర్టు తీసుకునేటప్పుడు సిగ్నల్ ఎంత వచ్చిందో అడిగి, "లాసిక్ అయిన కన్ను" అని కాగితం మీద పెన్నుతో రాయించుకోండి.